పొడి గడ్డిభూములలో పశువుల మేత, నేలపై ప్రభావం

వర్షపాతం తక్కువగా ఉండే గడ్డిభూములలో పశువుల మేత వలన నేల స్వభావం మారుతుంది. దక్కన్ పీఠభూమిలోని అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల బీళ్ళు ఇటువంటి గడ్డిభూములే.

మందలు ఒకేచోట అదేపనిగా తిరిగితే గిట్టల తొక్కిడికి నేల గట్టిపడుతుంది. వాననీరు లోపలికి ఇంకక పైపైనే పారి, సారవంతమైన పైమన్నును కొట్టుకొనిపోతుంది. తడినేల త్వరగా అణగుతుంది కనుక తొలకరి మేతే ఎక్కువ హానికరం. పైగా అప్పుడే చిగురించిన గడ్డిని మళ్ళీమళ్ళీ కొరికితే వేళ్ళు కురచబడి, మట్టిలో చేరే సేంద్రియ పదార్థం తగ్గుతుంది.

దబడ్‌ఘావ్, శంకరనారాయణ్‌లు 1973లో చేసిన వర్గీకరణ ప్రకారం ద్వీపకల్ప భారతంలోని గడ్డిభూములు సెహిమా-డైకాంథియం రకానికి చెందినవి. మేత మితిమీరినచోట ఈ బహువార్షిక గడ్లు క్షీణించి, అరిస్టిడా జాతి ఏకవార్షిక గడ్లు పెరుగుతాయి. ఇవి ఎండిపోగానే నేల బోసిపోతుంది.

పేడ, మూత్రాల ద్వారా నత్రజని తిరిగి నేలకు చేరుతుందనడం నిజమే, కాని ఏ నేలకు అన్నది ముఖ్యం. పగలు బీడులో మేసిన గొర్రెలను రాత్రి రైతు పొలంలో నిలపడాన్ని మంద కట్టడం అంటారు. ఇందుకు రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. పొలానికి ఇది చక్కని ఎరువే, అయితే ఆ సారం బీడు నుండి తరలివచ్చినదే.

గడ్డికి తిరిగి ఎదిగే వ్యవధి ఉన్నచోట మితమైన మేత వలన పెద్దగా నష్టం ఉండదు. కాపరుల వలసలు ఈ వ్యవధిని కల్పిస్తాయి. బీళ్ళు సాగులోకి వచ్చినకొద్దీ మిగిలిన చోటనే మందలు నిలవవలసివస్తుంది.