కంప్యూటరు వేడిమిని తెలుపు చిన్న తెర

మనుష్యునకు జ్వరము వచ్చినచో నోటితో చెప్పుకొనగలడు. కంప్యూటరునకు అట్టి శక్తి లేదు. లోపల వేడిమి మితిమీరుచున్నను అది పైకి మామూలుగనే కానవచ్చును. పని మందగించుటయో, అకస్మాత్తుగా ఆగిపోవుటయో జరిగిన పిదపగాని మనకు సంగతి తెలియదు. ముందుగనే తెలిసికొనుటకు మార్గమున్నది. యంత్రము లోపలి స్థితిని చదువు సాఫ్టువేరు ఒకటి, దానిని వెలుపల చూపు చిన్న తెర ఒకటి ఉన్న చాలును. వాని పని యెట్టిదో, అవి చూపు అంకెలనెట్లు గ్రహింపవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

మన ప్రాంతమువారికి ఈ విషయము మిక్కిలి అవసరమైనది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో మే నెల యెండ కొన్ని సంవత్సరములలో 45 డిగ్రీల సెంటిగ్రేడును దాటుచుండును. ఎండకు దుమ్ము తోడగును. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి చెందినది; మిల్లున్నచోట ఊక దుమ్ము ఉండక తప్పదు. సూర్యాపేట వ్యవసాయ మార్కెటులో ధాన్యమును ఆరబోసి తూర్పారబట్టునపుడు లేచు ధూళి సర్వులకును తెలిసినదే. కోదాడ హైదరాబాదు-విజయవాడ రహదారిపై నున్నందున రేయింబవళ్లు లారీల రాకపోకలు సాగుచుండును. మిల్లు కాటావద్ది కంప్యూటరు, దుకాణములో బిల్లులు వ్రాయు కంప్యూటరు, మీసేవా కేంద్రములోనిది, పాఠశాలలోనిది, అన్నియు ఈ గాలినే లోనికి పీల్చుకొనుచున్నవి.

వేడిమి ఎచ్చటనుండి పుట్టుచున్నది? కంప్యూటరునకు మెదడువంటి ప్రాసెసరు చేతిగోరంత సిలికాను ముక్క. అది గ్రహించు విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడిగా మారును. ఆ వేడిని పైనున్న లోహపు రెక్కలు గ్రహించును. ఫ్యాను గాలి ఆ రెక్కలనుండి వేడిని తీసికొనిపోవును. ఆ గాలి గదిలోని గాలియే. కావున సామాన్యమైన ఫ్యానుతో ప్రాసెసరును గదికన్న చల్లగా నుంచుట అసాధ్యము. గదికన్న ఎన్ని డిగ్రీలు హెచ్చుగా నున్నదో అదియే మనము గమనింపదగిన విషయము.

ఒక లెక్క చూతము. ఒక యంత్రము నిండుపని చేయునపుడు దాని ప్రాసెసరు గదికన్న 40 డిగ్రీలు హెచ్చుగా నుండుననుకొనుడు. జనవరిలో గది 25 డిగ్రీలైన ప్రాసెసరు 65 డిగ్రీలుండును. మే నెలలో గది 40 డిగ్రీలైన అది 80 డిగ్రీలగును. ఇంతవరకు భయము లేదు. కాని సంవత్సరము పొడుగున రెక్కల నడుమ దుమ్ము పేరుకొని ఆ తేడా 40 నుండి 55 డిగ్రీలకు పెరిగినదనుకొనుడు. అప్పుడు జనవరిలో 80 డిగ్రీలే గనుక ఎవరికిని అనుమానము రాదు. మే నెలలో అదియే 95 డిగ్రీలగును. అనేక ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల ప్రాంతముననే యుండును. ఆ హద్దు చేరగానే ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని వేడి పెరిగినచో యంత్రమును ఆపివేయును. చలికాలమున చేరిన దుమ్ము ఫలితము ఎండకాలమున బయటపడుచున్నదన్నమాట. పరీక్షాఫలితములు, ప్రవేశపు దరఖాస్తులు అను పనులన్నియు మీదపడు సమయముకూడ అదియే. దరఖాస్తు పంపవలసిన గడువు దినమున యంత్రము ఆగిపోయినచో కలుగు నష్టము యంత్రము వెలకన్న పెద్దది కావచ్చును.

ఇక కొలతల సంగతి. నేటి ప్రాసెసరు లోపలనే సూక్ష్మమైన ఉష్ణమాపకములు గలవు. ఇవి హద్దునకు దగ్గరగా చక్కగా చూపును. యంత్రము చల్లగా నున్నపుడు అంత నిక్కచ్చిగా నుండవు. మదర్‌బోర్డుపైనున్న వేరొక చిప్పు ఫ్యాను వేగమును, విద్యుత్తు వోల్టులను గమనించుచుండును. ఫ్యానునకు గల మూడవ తీగ సాధారణముగా ఒక్కొక్క చుట్టునకు రెండు విద్యుత్ స్పందనలను పంపును. వానిని లెక్కించి నిమిషమునకు ఎన్ని చుట్లో తేల్చుదురు. 12 వోల్టుల తీగపై నూటికి 5 వంతుల హెచ్చుతగ్గు అనుమతింపబడినది, అనగా 11.4 నుండి 12.6 వరకు ఉండవచ్చును. దత్తాంశమును దాచు డిస్కులలోను ఉష్ణమాపకము ఉండును.

ఈ అంకెలను చదివి చూపునదే పర్యవేక్షణ సాఫ్టువేరు. లినక్సు వాడువారికి 1998 నుండి ఎల్ఎమ్-సెన్సార్స్ అనునది కలదు. నేషనల్ సెమికండక్టర్ సంస్థవారి ఎల్ఎమ్ అను అక్షరములతో మొదలగు చిప్పులనుబట్టి దానికాపేరు వచ్చినది. విండోస్ వాడువారికి లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ ఉచితముగా దొరకును. హెచ్‌డబ్ల్యుఇన్ఫో, హంగేరీ దేశమున తయారగు ఐడా64 అనునవియు పేరొందినవి. ఇట్టివానిలో ఒకేమారు రెండింటిని నడుపరాదు. రెండును ఒకే చిప్పును ప్రశ్నించినచో తప్పుడు అంకెలు రావచ్చును.

ఈ అంకెలు పెద్ద తెరపై నుండునంతకాలము మనము చేయు పని వానిని కప్పివేయును. అందుకే వెలుపలి చిన్న తెర కావలసినది. ఇది పూర్తిగా క్రొత్త ఆలోచన కాదు. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ టి.డి.సి. అను వరుస కంప్యూటర్లను చేసినది. ఆ కాలపు కంప్యూటర్లు పెక్కింటికి ముందరి పలకపై దీపములు వెలుగుచు యంత్రము స్థితిని చూపుచుండెడివి. తరువాతి పెట్టెలలో ఆ దీపములు పోయినవి.

చిన్న తెరలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది వరుసకు 16 అక్షరములు, రెండు వరుసలు గలది. 1980 దశకములో హిటాచీవారు చేసిన హెచ్‌డి44780 అను చిప్పు పద్ధతినే నేటికిని ఇట్టి తెరలు అనుసరించుచున్నవి. ఇందలి ద్రవస్ఫటికములను 1888లో రైనిట్జరు అను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు తొలుత గుర్తించెను. రెండవది అంగుళమునకు కొంచెము తక్కువ కొలతగల ఓలెడ్ తెర. అడ్డముగా 128, నిలువుగా 64 చుక్కలతో స్వయముగా వెలుగును. మూడవది 3.5 అంగుళముల రంగుల తెర, యు.ఎస్.బి. తీగతో తగిలింపవచ్చును. మొదటి రెండింటికి నడుమ 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డువినో వంటి చిన్న పలకను దుబాసివలె వాడుట కలదు. లినక్సులో ఎల్‌సిడిప్రాక్ అను సాఫ్టువేరు రెండు భాగములుగా పనిచేయును: ఒకటి తెరను నడుపును, రెండవది వార్తనందించును. కావున ఒక గదిలోని యంత్రముల స్థితిని నెట్‌వర్కు ద్వారా వేరొక గదిలోని తెరపైనను చూపవచ్చును.

తెరపై అంకెలు క్రిక్కిరిసియుండరాదు. ప్రాసెసరు వేడి, ఫ్యాను వేగము, డిస్కు వేడి అను మూడింటిని చూపిన చాలును. తెరను కిటికీ యెండలో ఉంచరాదు. సామాన్యమైన ద్రవస్ఫటికపు తెరలు 50 డిగ్రీల వరకే పనిచేయుటకు చేయబడినవి. కొన్ని క్షణములు అంకె పైకి లేచి దిగుట సహజము. అందుకు కలత చెందనక్కరలేదు. ఫ్యాను వేగము సున్నాయైనను, కొన్ని ఫ్యానులు చల్లగానున్నపుడు ఆగునట్లే చేయబడినవని గుర్తుంచుకొనవలెను. వేడి పెరుగుచుండగా సున్నా చూపినచో మాత్రము వెంటనే పని ఆపవలెను.

తెర చూపునేగాని రోగము మాన్పదు. అందుచేత విద్యార్థులొక చిన్న పని చేయవలెనని మా కోరిక. గది గోడపై ఒక ఉష్ణమాపకమును వ్రేలాడదీయుడు. వారమునకొకమారు, ఒకే పని చేయించుచు, పది నిమిషములైన పిమ్మట గది వేడిని, ప్రాసెసరు వేడిని నోటుపుస్తకములో వ్రాసి, రెండవదానినుండి మొదటిదానిని తీసివేయుడు. ఆ తేడా నిలుకడగా నున్నచో యంత్రము కుశలము. నెలనెలకు పెరుగుచు 10 డిగ్రీలు హెచ్చినచో దుమ్ము చేరియుండునని తలచి పెద్దలకు తెలుపుడు. యంత్రము నాపి, తీగను గోడనుండి ఊడదీసి, ఆరుబయటికి కొనిపోయి, మెత్తని కుంచెతో రెక్కల దుమ్మును దులుపవలెను; ఊదునపుడు ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. ఈ పని ఫిబ్రవరి, మార్చి నెలలలోనే ముగించిన యెడల, ఎండలు ముదిరి పనులు మీదపడువేళ యంత్రము మనల నడిదారిలో విడువదు.