బాగున్న రోడ్డుకి మరమ్మతు ఎందుకు?

ఖతార్‌లో కాపురం ఉంటున్న మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహం ఇది: "నిక్షేపంలా ఉన్న రోడ్డు. పైపొర గీకేసి మళ్ళీ తారు వేస్తున్నారు. డబ్బులెక్కువై కాకపోతే ఏమిటండీ?" ఇవాళ నా ప్రసంగం ఆ సందేహం మీదే. నేను సివిల్ ఇంజనీరుని కాను, కంప్యూటర్ల వాణ్ణి. కాకపోతే ఈ విషయంలో సగం పని తారుది, సగం పని లెక్కలది. ఆ లెక్కల సంగతి చెబుతాను.

మన ఊళ్ళల్లో పెంకుటిళ్ళ వాళ్ళు ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. తొలకరికి ముందే మనిషిని పిలిచి పెంకులు సర్దించేవారు. అప్పటికి ఇల్లు కారడం లేదు. అయినా పగిలిన నాలుగు పెంకులూ మార్పించేవారు. ఆ ఖర్చు కొంచెమే. ఆ ఏడు బద్ధకిస్తే నీళ్ళు వాసాల్లోకి దిగుతాయి. వాసాలు పుచ్చితే కప్పంతా దింపాలి. "ఎసెట్ మేనేజ్‌మెంట్" అనే పెద్ద మాట వెనక ఉన్న అసలు సూత్రం ఇదే. దీనికి 2014లో ఐ.ఎస్.ఓ. 55000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. 2024లో దాన్ని సవరించారు.

ఆ పద్ధతిలో నాలుగు ప్రశ్నలుంటాయి. మన దగ్గర ఏమేమి ఉన్నాయి? అవి ఏ స్థితిలో ఉన్నాయి? ఏది పాడైతే ఎంత నష్టం? మొత్తం ఆయుష్షు మీద తక్కువ ఖర్చయ్యే దారి ఏది? మొదటి రెండిటికీ జవాబు లేకుండా చివరి రెండూ తేలవు. అందుకే ప్రతి రోడ్డునీ ముక్కలుగా విడగొట్టి, ఎప్పుడు వేశారో, ఎన్ని బీటలున్నాయో, ఎంత గుంట పడిందో నమోదు చేస్తారు. 1970లలో అమెరికా సైన్యపు ఇంజనీర్లు తయారు చేసిన పద్ధతిలో రోడ్డుకి సున్నా నుంచి 100 దాకా మార్కులు వేస్తారు, మన పిల్లల ప్రోగ్రెస్ కార్డు లాగానే.

తారు రోడ్డు ఏటా ఇంత అని సమంగా అరగదు. చాలా ఏళ్ళు పైకి ఏమీ కనిపించదు. ఒక దశ దాటాక చకచకా చెడిపోతుంది. ఇక్కడి ఎండకి తారు మెత్తబడి, బరువు లారీల చక్రాల కింద గాడి పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అదే తారు ఎండిపోయి పెళుసుబారి బీటలిస్తుంది. బీటలోంచి నీరు దిగితే అడుగు పొర వదులవుతుంది. ఇక బరువు సంగతి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో చేసిన రోడ్డు పరీక్షల్లో తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి నష్టం సుమారు 16 రెట్లు అవుతుంది. రోడ్డుని అరగదీసేది మన కార్లు కావు, లారీలే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. పైపూత వేయడానికి కిలోమీటరుకి ఒక రియాల్, పూర్తిగా తవ్వి వేయడానికి 8 రియాల్‌లు అనుకోండి. మన చేతిలో ఉన్నవి 8 రియాల్‌లే. బాగా పాడైన ఒక కిలోమీటరు తవ్వి వేశామంటే డబ్బు అయిపోయింది. ఈలోగా, బీటలు మొదలైన మరో 8 కిలోమీటర్లు తవ్వాల్సిన స్థితికి జారతాయి. అప్పుడు కావలసింది 64. మొదటే ఆ ఎనిమిదికీ పైపూత వేసి ఉంటే అవి నిలబడేవి. "బాగున్న రోడ్డుకి మరమ్మతు" రహస్యం ఇదే. అలాగని పాడైన రోడ్డు పక్కన ఉన్నవాళ్ళని వదిలేయమని కాదు. ప్రాణాపాయం ఉన్నచోట ముందు అదే చేయాలి. మూడో ప్రశ్న పెట్టింది అందుకే.

ఖతార్‌లో రోడ్లు, డ్రైనేజీ చూసేది 2004లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అష్గాల్. 2018 అక్టోబరు 20న దోహాలో ఏడాదికి పడవలసిన వాన దాదాపు ఒక్క రోజులో పడింది. అండర్‌పాస్‌లలో నీళ్ళు నిలిచాయి. రోడ్డు అంటే పైన కనిపించే తారు మాత్రమే కాదనీ, కింద ఉన్న కాలవలూ పంపులూ కూడా అందులో భాగమేననీ ఆ రోజు అందరికీ అర్థమైంది. ఇంకో సంగతి: 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ముందు పదేళ్ళలో ఇక్కడ వందల కిలోమీటర్ల రోడ్లు వేశారు. ఒకే ఈడు రోడ్లకి ముసలితనం కూడా ఒకేసారి వస్తుంది. ఆ ఖర్చుని ముందే ఏళ్ళ మీద పరచుకోకపోతే ఒక్కసారిగా మీద పడుతుంది.

మన వైపు చూద్దాం. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. 1950లలో కట్టిన డ్యాం అది. నిండుకుండలాంటి జలాశయం నుంచి నీటిని వదిలేయవలసి వచ్చింది. రాయలసీమలోనూ కర్ణాటకలోనూ ఆయకట్టు రైతులకి కంటిమీద కునుకు లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి సలహాతో వారం రోజుల్లోనే తాత్కాలిక గేటు దించి నీటిని ఆపగలిగారు. మొత్తం 33 గేట్లూ మార్చాలన్న నిర్ణయం ఆ తర్వాత వచ్చింది. ఒక గొలుసు ఖరీదెంత, ఒక పంట ఖరీదెంత?

మంచి ఉదాహరణా ఉంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్ళు దాని బాగోగులు చూడాలి. నిర్వహణ ఖర్చుని కట్టే రోజే లెక్కలోకి తీసుకోవడం అంటే అదే. మనలో చాలామంది సొంత ఊరికి బడి గదో, మంచినీళ్ళ ప్లాంటో కట్టించడానికి చందాలు పంపుతుంటాం. ఈసారి పంపేటప్పుడు, ఏటా మరమ్మతుకి ఎంత కావాలి, ఆ డబ్బు ఎవరిస్తారు అని కూడా అడగండి. శిలాఫలకం మీద ఆ ఖర్చు కనిపించదు గానీ, కట్టింది నిలబడేది దానివల్లే.

ఇక్కడ మీ వీధిలో గుంట కనిపిస్తే అష్గాల్ కాల్ సెంటర్ నంబరు 188. చిన్న బీటగా ఉన్నప్పుడే చెప్పండి.