పావు మిల్లీమీటరు వంపు

తరంగాల పాఠం మధ్యలో ఒకబ్బాయి లేచాడు. "మాస్టారూ, గిటారు నెక్ తిన్నగా ఉంటే తీగల్ని ఫ్రెట్లకి ఇంకా దగ్గరగా పెట్టుకోవచ్చు కదా. మరి కావాలని ఎందుకు వంచుతారు?" అన్నాడు. ఆ పాఠంలో ఇంతకంటే మంచి ప్రశ్న పుట్టదు.

మీటిన తీగ తాడాటలో తాడులా ఊగుతుంది. కొసల దగ్గర కదలిక దాదాపు ఉండదు, నడుమ మాత్రం బాగా ఎక్కువ. నెక్ పూర్తిగా తిన్నగా ఉండి తీగలు కిందికి ఉంటే ఆ ఊపు ఫ్రెట్లకి తగిలి జర్రుమంటుంది. తీగల్ని పైకి లేపితే ఆ చప్పుడు పోతుంది గానీ వేళ్లు నొప్పెడతాయి, శ్రుతీ చెడుతుంది. అంత దూరం నొక్కేసరికి తీగ సాగి, బిగువు పెరిగి, స్వరం పైకి జరుగుతుంది. అందుకని తీగ ఎక్కువగా ఊగే చోట నెక్‌కి కాస్త లోతు ఇస్తారు. దీన్నే రిలీఫ్ అంటారు. ఫ్రెట్లున్న ముఖం అడ్డంగా 9.5 అంగుళాల రేడియస్‌తో గుండ్రంగా ఉన్న నెక్‌కి ఫెండర్ కంపెనీ చెప్పే రిలీఫ్ ఎనిమిదో ఫ్రెట్ దగ్గర 0.25 మిల్లీమీటరు. తీగ ఎత్తు, అంటే యాక్షన్, పదిహేడో ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు.

ఈ వంపుని నిలబెట్టడమే అసలు కష్టం. మామూలు టెన్ నంబరు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిసి సుమారు 45 కిలోల బలంతో నెక్‌ని ముందుకి లాగుతుంటాయి. దీనికి విరుగుడుగా గిబ్సన్ కంపెనీలో పనిచేసే థాడియస్ మెక్‌హ్యూ నెక్ లోపల ఉక్కు కమ్మీ పెట్టాడు. అదే ట్రస్ రాడ్. 1921లో దరఖాస్తు చేస్తే 1923లో పేటెంటు వచ్చింది.

ఫెండర్ గిటార్లలో ఇది పనిచేసే తీరు నాకు మరీ ఇష్టం. మేపుల్ నెక్ వెనక ఒక ముదురు రంగు చార కనిపిస్తుంది చూడండి. అక్కడ గాడి తీసి, కమ్మీ పెట్టి, వాల్‌నట్ చెక్కతో పూడ్చారన్నమాట. ఆ గాడి నడుమ భాగం నెక్ వీపు వైపుకి దిగి ఉంటుంది, కొసలు పైకి ఉంటాయి. కమ్మీ కొసనున్న మర బిగించేకొద్దీ వంగి ఉన్న కమ్మీ తిన్నగా కావాలని చూస్తుంది. అలా కావాలంటే దాని నడుమ భాగం తీగల వైపు లేవాలి. లేస్తూ లేస్తూ చెక్కనీ నెడుతుంది. తీగలు ముందుకి వంచిన నెక్ అలా వెనక్కి వస్తుంది. మర వదులు చేస్తే మళ్లీ తీగలదే పైచేయి. ఈ రెండు బలాలూ ఎక్కడ సరితూగాలో తేల్చేది ఆ మర తిప్పే చిన్న కీ.

1950లో తొలి గిటార్లు చేసినప్పుడు లియో ఫెండర్ మేపుల్ గట్టిదనీ, కమ్మీ అక్కర్లేదనీ అనుకున్నాడు. ఆ ఏడాదిలోనే మనసు మార్చుకున్నాడు. మార్టిన్ కంపెనీ మాత్రం 1985 దాకా సర్దడానికి వీల్లేని ఉక్కు కమ్మీతోనే నెట్టుకొచ్చింది. తర్వాత రెండు వైపులా వంచగల రాడ్లు, కార్బన్ ఫైబర్ పట్టీలు వచ్చాయి.

కమ్మీ ఎంత తిప్పినా తీరనిది ఒకటుంది, ఎత్తు తప్పిన ఫ్రెట్. ఒక్కచోటే జర్రుమంటుంటే తప్పు సాధారణంగా మీరు నొక్కిన ఫ్రెట్‌ది కాదు, బ్రిడ్జి వైపున దాని పక్కనున్నదానిది. మూడు ఫ్రెట్ల మీద ఆనేంత చిన్న ఉక్కు పట్టీ పెట్టి అటూ ఇటూ నొక్కండి. టకటకమని ఊగితే నడుమది ఎత్తుగా ఉన్నట్టు. గాడిలోంచి లేచిందైతే చిన్న సుత్తితో మెల్లగా కూర్చోబెట్టి జిగురు వెయ్యాలి. అప్పటికీ ఎత్తుంటే ఆకురాయి పట్టాలి. అరగదీశాక ఫ్రెట్ తల బల్లపరుపుగా మిగలకూడదు, మళ్లీ గుండ్రంగా తీర్చాలి. లేకపోతే తీగ ఆ వెడల్పు మీద రాసుకుని జుమ్మంటుంది.

గిటారులో లోపమైన ఆ రాపిడే వీణకి ప్రాణం. వీణ గుర్రం, అంటే బ్రిడ్జి, మీది లోహపు రేకుకి సన్నని వంపు ఇచ్చేది తీగ దాన్ని రాసుకుంటూ పలకాలనే. పైగా వీణకున్న 24 మెట్లూ మైనంలో నిలబడతాయి. ఎత్తు తప్పితే మైనం వేడిచేసి సరిదిద్దుకోవచ్చు. చెక్కలోకి దిగగొట్టిన గిటారు ఫ్రెట్లకి ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి వరస తప్పకూడదు. ముందు శ్రుతి చెయ్యండి. కమ్మీని పావు చుట్టుకి మించకుండా తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, వంపు కొలవండి. అది కుదిరాకే బ్రిడ్జి దగ్గర తీగల ఎత్తు, ఆఖర్న ఫ్రెట్లు. వంపు చూడకుండా ఆకురాయి అందుకుంటే మర తిప్పితే పోయే చప్పుడు కోసం లోహం పోగొట్టుకుంటారు. అరగదీసిన ఫ్రెట్ మళ్లీ పెరగదు.