అదే అజొల్లా... బలం వేరు!

దాణా ధర చూసి పాడిరైతు తల పట్టుకుంటే చాలు, అజొల్లా వేసుకోమని ఎవరో ఒకరు చెబుతారు. నీళ్ల మీద తేలుతూ పెరిగే ఈ బుల్లి మొక్కలో పాతిక శాతం మాంసకృత్తులున్నాయన్నది అందరికీ నోటికొచ్చిన లెక్క. అబద్ధమేం కాదు. కాకపోతే అది ఎండబెట్టాక! తాజా అజొల్లాలో 93 నుంచి 95 శాతం నీళ్లే. కిలో వేస్తే బర్రెకు అందే మాంసకృత్తులు ఏ 15 గ్రాములో. అదే కిలో పల్లి చెక్కలో 400 గ్రాముల దాకా ఉంటాయి. చెక్క పూర్తిగా మానేసి అజొల్లానే నమ్ముకుంటే పాలు తగ్గక ఏమవుతాయి?

పోనీ ఆ పాతిక శాతమైనా అన్ని గుంతల్లో వస్తుందా అంటే... రాదు. 20 దగ్గర ఆగొచ్చు, 30కి చేరొచ్చు. నత్రజనికి మాత్రం కొదవ లేదు. ఆకుల అరల్లో కాపురముండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోంచి పట్టి ఇస్తుంది. చైనా, వియత్నాం రైతులు వందల ఏళ్లుగా అజొల్లాను వరిమళ్లలో పెంచుతున్నది అందుకే. భాస్వరం అలా కాదు, నీళ్లలోనే ఉండాలి. చాలకపోతే మొక్క ఎదగదు, ఎర్రబారుతుంది, వేళ్లు పొడవుగా సాగుతాయి. గుంతలో పేడతోపాటు కాస్త సూపర్ ఫాస్ఫేటు వేయమనేది ఇందుకే.

అయితే ఎరుపు కనిపించిందల్లా భాస్వరం లోపం కాదు. అజొల్లాకు 20-30 డిగ్రీల వేడి హాయి. రామగుండం మే ఎండకూ, ఆదిలాబాద్ జనవరి చలికీ కూడా ఎర్రబడుతుంది. అప్పుడు ఫాస్ఫేటు కుమ్మరించి లాభం లేదు. ఎండాకాలమైతే పైన పందిరి వేయాలి. ఇంకోటి, ముదిరిన అజొల్లాలో పీచు పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి. గుంత నిండుగా ఉందని మురిసిపోకుండా ఎప్పటికప్పుడు తీస్తుండాల్సిందే.

చెరువుల్లో చిన్నచిన్న గుండ్రటి ఆకులతో తేలే డక్‌వీడ్‌ది ఇంకో తీరు. దానికి దొరికే పోషకాలన్నీ నీళ్లలోవే. నిస్సారమైన నీళ్లలో మాంసకృత్తులు 15-20 శాతం, సారమున్న నీళ్లలో 40 శాతం దాకా! మురుగు కలిసే చెరువులో ఏపుగా పెరిగింది కదా అని తట్టలో ఎత్తుకొస్తే మాత్రం ముప్పే. సీసం, కాడ్మియం లాంటివీ అదే ఆకలితో పీల్చుకుంటుంది. గుర్రపుడెక్కా అంతే.

ఇంటి గుంతలో పెంచిన అజొల్లాను పేడ వాసన పోయేలా రెండు మూడుసార్లు కడిగి, రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోలు దాణాలో కలిపి పెట్టొచ్చు. మొదటి రెండ్రోజులూ బర్రె మూతి తిప్పుకోవచ్చు. కొద్దికొద్దిగా పెంచుతూ పోతే అలవాటు పడుతుంది.