గడప దాటలేని వాళ్ళ కోసం ఒక ఆదివారం

మీ ఇంటి గడప ఎంత ఎత్తుందో ఎప్పుడైనా కొలిచారా? శుక్రవారం పసుపు రాస్తాం, బొట్లు పెడతాం, పండగొస్తే పైన మామిడాకులు కడతాం. కానీ టేపు పెట్టి కొలిచిన వాళ్ళం ఎందరం? నేనూ కొలవలేదు. కోరుట్లలో మా అమ్మగారింటి పక్కనుండే పెద్దమ్మ పడి తుంటి ఎముక విరిగాక అప్పుడు కొలిచాను. మూడంగుళాలు. అంతే!

పెద్దమ్మకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళు బీడీలు చేసిన మనిషి. పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా లేవకపోయేది. మోకాళ్ళు అట్లనే అరిగిపోయాయి. ఓ వానాకాలం రాత్రి పెరట్లోని మరుగుదొడ్డికి పోదామని లేచింది. బల్బు లేదు. గడప మీద కాలు తట్టుకుని బయటి షాబాద్ బండల మీద పడ్డది. ఆపరేషను, మంచం... మూడు నెలల తరువాత వాకరు పట్టుకుని ఇంటికొచ్చింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. వాకరును గడప అవతల పెట్టాలంటే దాన్ని ఎత్తాలి. ఎత్తితే పట్టుకునే ఆధారం పోతుంది. ఆమె ఆ మూడంగుళాల ముందర నిలబడిపోయేది.

"నాకేం గావద్దు బిడ్డా. ఆ గడప దాటుడే కట్టమైతాంది. రాత్రి పోవాల్నంటె పానం గుబులైతది" అన్నది. రాత్రి పోవాల్సి వస్తుందని సాయంత్రం నుండి నీళ్ళు తాగడం మానేసిందట! ఇది వినగానే నాకు కడుపులో దేవినట్లయింది.

మా వాడకట్టులో సంఘం

జగిత్యాలలో మా వాడకట్టు ఆడవాళ్ళం అప్పటికే నెలకు కొంత పొదుపు చేసుకుంటున్నాం. ఈ సంగతి వాళ్ళకు చెప్తే ఎవరికి వాళ్ళు తమ వాడలో ఒకరిని గుర్తు చేశారు. ఒకరి ఇంట్లో కోతులు పెంకలు పగలగొట్టి వానకు అన్నం గిన్నెలో నీళ్ళు పడుతున్నాయి. ఇంకొకరింట్లో స్విచ్చుబోర్డు మంచం మీదున్న మనిషికి అందదు. ఏదీ పెద్ద పని కాదు. సుతారికి ఒక పూట పని, వడ్లాయనకు ఇంకో పూట పని. పెద్ద పని కాకపోవడం వల్లనే ఎవరూ రారు. ఒక్క పూట పనికి రమ్మంటే మేస్త్రి "రేపొస్తా" అంటాడు, ఆ రేపు రానే రాదు.

సర్కారు సాయం కూడా మనకు తెలిసిందే. 2024లో మన రాష్ట్రంలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షలు కొత్త ఇల్లు కట్టుకునే వాళ్ళకు. దివ్యాంగుల పెన్షన్ 2023లో 3,016 నుండి 4,016 రూపాయలకు పెరిగింది. అది తిండికి, మందులకు సరిపోతే గొప్ప. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆఫీసులకు, ఆస్పత్రులకు, బడులకు ర్యాంపులు ఉండాలన్నది. మరి మనిషి ఆఫీసు ర్యాంపు దాకా రావాలంటే ముందు తన ఇంట్లోంచి బయటపడాలి గదా!

అందుకని నెలకో ఆదివారం పెట్టుకున్నాం. పని మానేసిన ఒక పెద్ద సుతారి మామ, కాలేజీ పిల్లలు నలుగురైదుగురు, మేము ఎనిమిది మందిమి. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోతారే, అట్లాంటిదే. ఇదేదో మేమే కనిపెట్టామని చెప్పను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం మిడ్లాండ్ ఊళ్ళో 1973లోనే ఏప్రిల్ నెలలో ఇరుగుపొరుగు కలిసి పేదల ఇండ్లు బాగుచేయడం మొదలుపెట్టారు. ఇండ్లు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ మనదేశంలో తన పని మొదలుపెట్టింది మన ఖమ్మంలోనే, 1983లో. ఇల్లు ఎవరిదో ఆ కుటుంబం కూడా రెక్కలు కలపాలన్నది వాళ్ళ పద్ధతి. అది నాకు నచ్చింది. మేము కూడా ఎవరింటికి పోయినా వాళ్ళకు చేతనైన పని వాళ్ళకు వదిలేస్తాం. ఏమీ చేతకాని వాళ్ళు చాయ్ పెడతారు. ఆ చాయ్ వద్దనకూడదు. వద్దంటే అది ధర్మం చేసినట్లవుతుంది.

గడపను కొయ్యలేదు

ముందుగా కోరుట్ల పెద్దమ్మ ఇంటికే పోయాం. "గడప కోసేద్దాం" అన్నాడు మాతో వచ్చిన ఒక పిల్లవాడు. పెద్దమ్మ "లచ్చిమిని కోత్తరారా!" అని ఏడ్చినంత పని చేసింది. వడ్లాయన నవ్వి, మూడడుగుల పొడుగు చెక్కలు రెండు తయారు చేశాడు. ఒక కొసన మూడంగుళాల మందం, రెండో కొస నేలకు ఆనేటట్లు. గడపకు ఇవతలొకటి, అవతలొకటి. వాకరు సాఫీగా పోయింది. అందరం చప్పట్లు కొట్టాం.

పొద్దుగూకాక తలుపు వేద్దామంటే పడలేదు! తలుపులు లోపలికి తెరుచుకుంటాయి గదా, లోపలి చెక్క అడ్డం. ఇంతమందిమి ఉండి ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. తలుపులు కబ్జాల మీద ఉండడం మేలైంది. మర్నాడు వాటిని ఊడదీసి అడుగున మూడంగుళాలు కోసి మళ్ళీ బిగించాడు. చెక్క ఉన్నప్పుడు సందు కనబడదు, పురుగూ పుట్రా రాదు. శుక్రవారం చెక్కలు పక్కకు తీసి, పసుపు రాసి మళ్ళీ పెట్టుకుంటుంది పెద్దమ్మ కోడలు.

మరుగుదొడ్డికి పెద్దగా ఖర్చు కాలేదు. మా దిక్కు చాలావరకు కింద కూర్చునే దొడ్లే. దాని మీద నడుమ తొర్ర ఉన్న ఇనుప కుర్చీ పెట్టాం. పద్దెనిమిది అంగుళాల ఎత్తయితే లేవడానికి సులువు. పట్టుకోవడానికి ఇనుప పైపు కావాలి. ఇక్కడొక మాట జాగ్రత్తగా వినండి. పాత ఇండ్లలో మట్టి గోడకు పైపు బిగించకండి. మనిషి బరువు పడగానే గోడతో సహా ఊడొస్తుంది. మేము నేలలో గుంత తీసి, పైపు నిలబెట్టి కాంక్రీటు పోయించాం. ఒకటిన్నర అంగుళం లావు పైపు అయితే పిడికిట్లో చక్కగా ఇముడుతుంది. ఇటుక గోడ ఉన్న వాళ్ళయితే గోడకే బిగించుకోవచ్చు, వేళ్ళు దూరడానికి రెండంగుళాల సందు ఉంచండి. వారం రోజులు నీళ్ళు పట్టి, ఆ తరువాత ఇద్దరు గట్టి మనుషులు వేలాడి చూశాకనే పెద్దమ్మను పట్టుకోమన్నాం. దారిలో చిన్న బల్బు ఒకటి పెట్టి, దాని స్విచ్చు మంచం పక్కకు తెచ్చాడు కరెంటు పని చేసే తమ్ముడు.

ఇప్పుడు రాత్రి కూడా నీళ్ళు తాగుతోంది.

మేము చేసిన తప్పు

అన్నీ ఇట్లా చక్కగా జరిగాయని అనుకోకండి. జగిత్యాలలో మా వీధిలోనే గల్ఫ్‌లో కట్టడం పనిలో పడి నడుము విరిగిన తమ్ముడు ఒకడున్నాడు. చక్రాల కుర్చీలోనే ఉంటాడు. భార్య బీడీలు చేసి సంసారం ఈదుతోంది. ఇంటి అరుగు పద్దెనిమిది అంగుళాల ఎత్తు. ఎక్కడికి పోవాలన్నా ఇద్దరు మనుషులు కుర్చీని ఎత్తి దింపాలి. అందుకని ఎక్కడికీ పోడు. మేము ఉత్సాహంగా ఒక బస్తా సిమెంటు, మొరం, పాత ఇటుక ముక్కలు తెచ్చి ఒక్క రోజులో ర్యాంపు కట్టేశాం. ఐదడుగుల పొడవు. దానికి ముగ్గు కూడా వేశాం!

దిగేటప్పుడు కుర్చీ ముందుకు ఉరికింది. వాళ్ళావిడ వెనుకనుండి గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. తమ్ముడు మోరీ పక్కన బోర్లా పడ్డాడు. నొసలు చిట్లింది. దెబ్బకంటే, వాడంతా చూస్తుండగా పడ్డందుకు ఎక్కువ బాధపడ్డాడు. "అక్కా, మీరు నన్నొక్క మాట అడిగితే చెప్తుంటి గదా" అన్నాడు. నిజమే! గల్ఫ్‌లో పదేళ్ళు కట్టడం పని చేసిన మనిషాయన. మా అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. కుర్చీలో ఉన్నాడని మేము అతన్ని అడగనే లేదు.

లెక్క అతనే చెప్పాడు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ప్రభుత్వ భవనాలకు పెట్టిన కొలత కూడా ఇదే, పన్నెండుకు ఒకటి. పద్దెనిమిది అంగుళాలకు పద్దెనిమిది అడుగులు కావాలి. వీధిలోకి అంత పోలేం, మోరీ మీద కట్టడమూ తప్పే. అప్పుడాయన అరుగునే చూపించాడు. ఇంటి ముందర ఇరవై అడుగుల పొడవున ఉన్నది. దర్వాజ ముందర కుర్చీ తిప్పుకోవడానికి నాలుగడుగులు అట్లే ఉంచి, మిగతా పదహారు అడుగులు కొట్టి గోడ వెంట వాలుగా దింపమన్నాడు. వీధి ఆ కొసన రెండంగుళాలు ఎత్తుగా ఉండడం కలిసొచ్చింది. సరిగ్గా పదహారుకు పదహారు. బయటి వైపు రెండున్నర అడుగుల పైన పైపు కట్టాం, చక్రం జారకుండా అంచున చిన్న గట్టు పోశాం. పైన నున్నగా చేయకుండా చీపురుతో గీతలు గీయించాడు. మా మొదటి ర్యాంపును పగలగొట్టి ఆ ముక్కలనే ఇందులో నింపాం.

ఇప్పుడతను మా ఆదివారాలకు మేస్త్రి. కుర్చీలో కూర్చుని కొలతలు చెప్తాడు. మా సుతారి మామకు మొదట్లో కొంచెం కోపమొచ్చింది గాని, తరువాత సర్దుకున్నాడు.

సిరిసిల్లలో కిరాయి ఇల్లు

2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక మాది, కోరుట్లది ఒక జిల్లా, సిరిసిల్లది వేరే జిల్లా అయింది గాని చుట్టరికాలు విడిపోవు గదా. మా ఆడబిడ్డ సిరిసిల్లలోనే ఉంటుంది. వాళ్ళ పక్కింటాయన ముప్పై ఏళ్ళు సాంచెల మీద పన్నెండేసి గంటలు నిలబడి పని చేశాడు. కాళ్ళ నరాలు ఉబ్బిపోయి రెండు మెట్లు ఎక్కలేడు. కిరాయి ఇల్లు, గూనపెంకల కప్పు, కురవని చోటు లేదు. మిరుగు దగ్గరపడుతోందని ఉరుకులు పరుగుల మీద పోయాం. విరిగిన పెంకలు తీసి, పాచి దులిపి, రెండు వాసాలు మార్చి కప్పంతా సర్దాం. మెట్ల మధ్యన సగం ఎత్తు మెట్లు పోశాం. ఇల్లు కళకళలాడింది.

రెండు నెలలు తిరగకముందే ఇంటి ఓనరు కిరాయి పెంచాడు! "ఇల్లు మంచిగైంది గదా" అన్నాడట. మేము చేసిన పని ఆ ముసలాయన మెడకే చుట్టుకుంది. మా ఆడబిడ్డ, వాడలో ఇద్దరు పెద్దమనుషులు పోయి మాట్లాడితే పెంచిన దాంట్లో సగం తగ్గించాడు. సగమే. అప్పటినుండి కిరాయి ఇల్లయితే ముందు ఓనరు దగ్గరికే పోతున్నాం. రెండేళ్ళ దాకా కిరాయి పెంచనని, ఖాళీ చేయించనని ఇద్దరి ముందర కాగితం మీద రాయించుకున్నాకనే నిచ్చెన వేస్తాం. రాయనన్న వాళ్ళూ ఉన్నారు. అట్లాంటి ఇంటికి టార్పాలిన్ కప్పి వచ్చేస్తున్నాం. మనసొప్పదు, కానీ ఏం చేస్తాం?

ఇంకో సంగతి. సిరిసిల్లలో చాలా ఇండ్లకు, షెడ్లకు సిమెంటు రేకులే. కురుస్తుందని వాటి మీదికి ఎవరినీ ఎక్కనివ్వకండి. పాతబడ్డ రేకు కాలు పెట్టగానే విరుగుతుంది, మనిషి తిన్నగా కిందికి వస్తాడు. వాటిని కోయడం, తొర్రలు వేయడం కూడా వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. రేకుల పని తెలిసిన వాళ్ళకే వదిలేయండి.

ఈ ఎండాకాలంలో మా లెక్కన ఇంకా మూడిండ్లు మిగిలాయి. రెండింటికి గూనపెంకలు కావాలి. ఇప్పుడు గూన చేసే కుమ్మరులు మా దిక్కు దొరకడం కష్టం. స్లాబు వేయడానికి పాత ఇండ్లు కూలగొడుతున్న చోటికే పోయి అడిగి తెచ్చుకుంటున్నాం. మీ ఇంట్లోగాని, మీ పుట్టింట్లోగాని అట్లా పెంకుటిల్లు తీసేస్తుంటే, మంచి పెంకలను మట్టితో పాటు ట్రాక్టరుకు ఎత్తకండి. గోడ పక్కన నిలువుగా పేర్చి పెట్టించండి. మిరుగు లోపల ఎవరో ఒకరు మీ వాకిట్లోకి అడగడానికి వస్తారు.