ఆమె చెప్పిందే రాయాలి

బళ్లారిలో రక్షణ ఉత్తర్వు కోసం వచ్చే తెలుగు ఆడబిడ్డకూ, ఆమె గోడు ఎక్కాల్సిన కన్నడ కాగితానికీ నడుమ ఒక మనిషి కావాలి. ఆ మనిషి పని గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

గృహహింస చట్టం కింద వెంటనే మధ్యంతర ఉత్తర్వు కావాలంటే అర్జీతో పాటు ఒక అఫిడవిట్ పెట్టాలి. నిబంధనల్లో అది మూడో నమూనా. అందులో ఒకచోట ఖాళీ వదిలి ఉంటుంది. ఈ అర్జీలో ఉన్నదంతా నాకు ఫలానా భాషలో చదివి వినిపించారు, వివరించారు అని ఆమె ప్రమాణం చేయాలి. ఆ ఫలానా భాష ఏదో ఖాళీలో నింపాలి. బళ్లారి జిల్లాలో చాలామంది ఆడవాళ్ల విషయంలో అక్కడ రాయాల్సింది తెలుగు. రాసి ఊరుకుంటే చాలదు, నిజంగానే తెలుగులో చదివి వినిపించి ఉండాలి.

ఆ చిన్న ఖాళీకి అంత ప్రాధాన్యం ఎందుకంటే, 23వ సెక్షన్ ప్రకారం ఎదుటి పక్షం కోర్టుకు రాకముందే మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆమెను కొట్టకూడదని, ఆమె ఉన్నచోటికి పోకూడదని, ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని ఆ రోజే ఆదేశించవచ్చు. దానికి ఆధారం ఆ అఫిడవిట్టే. అందులో ఎక్కని దెబ్బ మెజిస్ట్రేటుకు కనిపించదు. తెలుగులో చెప్పుకున్న బాధ కన్నడ కాగితం మీదికి చేరేలోపు ఎంత జారిపోయిందో ఆమెకు తెలిసే దారీ ఉండదు.

ఇక్కడ ఈ చిక్కు ఎలా వచ్చిందో తెలియాలంటే 1953కు పోవాలి. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. జస్టిస్ మిశ్రా నివేదిక మీద బళ్లారి తాలూకా మైసూరుకు వెళ్లింది. జిల్లాకు గీత పడింది కానీ పెళ్లి సంబంధాలకు పడలేదు. ఆలూరు పిల్ల సిరుగుప్పకు కోడలుగా వెళుతూనే ఉంది, కురుగోడు పిల్ల ఉరవకొండకు వస్తూనే ఉంది. తుంగభద్ర కాలువలు పారాక కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల క్యాంపులు వేరే. ఆ క్యాంపుల్లో మూడో తరం పిల్లలు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

బళ్లారిలో కాస్తో కూస్తో రెండు భాషలూ రానివాళ్లు తక్కువ. అంగట్లో, బస్సులో, ఆస్పత్రిలో మాట దగ్గర ఎవరికీ ఇబ్బంది ఉండదు. అందుకే కోర్టు పని దగ్గరా ఇంకొక మనిషి అవసరమని ఎవరికీ తోచదు. అధికారికి తెలుగు అర్థమవుతుంది, ఆమెకు కన్నడ అర్థమవుతుంది, ఇక ఏం కావాలి అనుకుంటారు. కూరగాయలు కొనడానికి చాలే కన్నడతో, మూసిన తలుపు వెనక జరిగింది ఒక పరాయి మనిషికి చెప్పుకోవడం ఎవరి వల్లా కాదు. పైగా అవతలి నుంచి వచ్చిన కోడలు తెలుగులో చదువుకుని ఉంటుంది, ఇక్కడ పుట్టిన తెలుగు పిల్ల కన్నడ బడిలో చదివి ఉంటుంది, వాళ్ల అత్తకు ఏ లిపీ రాదు. ముగ్గురూ తెలుగువాళ్లే, ముగ్గురికీ కావలసిన సాయం మాత్రం మూడు రకాలు.

ఒక మనిషిని ఊహించుకుందాం. ఊళ్లు నిజమైనవే, ఆమె మాత్రం కల్పన. ఆలూరు వైపు పిల్ల, మేనత్త కొడుక్కే ఇచ్చారు, సిరుగుప్ప తాలూకాలో కాపురం. రక్షణ అధికారి ముందు కూర్చుంది. కర్ణాటకలో ఆ బాధ్యత శిశు అభివృద్ధి పథకం అధికారికి, అంటే సీడీపీఓకి అప్పగించారు. తాలూకాలోని అంగన్‌వాడీల భారమంతా మోస్తూనే ఆ అధికారి ఈ పనీ చూడాలి. ముందున్నది మొదటి నమూనా, డీఐఆర్ అని పిలిచే గృహహింస ఘటన నివేదిక. హింసను నాలుగు రకాలుగా విడదీసి అడుగుతుంది: శరీరం మీద, లైంగికంగా, మాటలతో మనసు మీద, డబ్బు విషయంలో. చెంపదెబ్బ కొట్టాడా, తన్నాడా, మగపిల్లాణ్ని కనలేదని దెప్పారా, కట్నం తేలేదని అన్నారా, ఉద్యోగానికి పోనివ్వలేదా, సంపాదించింది లాక్కున్నారా, మందులకు డబ్బివ్వలేదా అని ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడుగుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అనేవీ కావాలి.

ఆమె అలా చెప్పదు. ఎవరూ అలా చెప్పరు. ఎక్కడ ఎక్కువ నొచ్చిందో అక్కణ్నుంచి మొదలుపెడుతుంది. కొట్టాడు అని ఒక్క మాట అని తల దించుకుంటుంది, ఆ వెంటనే తాళిబొట్టు గొలుసు కుదువ పెట్టిన సంగతి ఏడుస్తూ చెబుతుంది. రెండు భాషలూ తెలిసి పక్కన కూర్చున్న కార్యకర్త నైపుణ్యం అక్కడ బయటపడుతుంది. తారీఖు అడిగితే ఆమె దగ్గర జవాబుండదు. “పీర్ల పండగకు ముందా, తర్వాతనా అమ్మా?” అంటే ఉంటుంది. “నాట్లప్పుడా, కోతలప్పుడా? చిన్నోడు కడుపులో ఉన్నాడా అప్పటికి?” అంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. దేంతో కొట్టాడు, ఎక్కడ తగిలింది, ఆస్పత్రికి పోయారా, పోతే అక్కడ జారి పడ్డానని చెప్పించారా, ఆ చీటీ ఉందా అని మెల్లగా అడగాలి. పండగలను, కోతలను నెలలుగా, ఏళ్లుగా మార్చి కాగితం మీద పెట్టించాలి. ఎదుటి వకీలు ఏడాది తర్వాత అడిగే మొదటి ప్రశ్న తారీఖు గురించే.

ఇంతకీ ఆ కార్యకర్త ఎవరు? చట్టంలో రక్షణ అధికారి ఉంది, సేవా సంస్థ ఉంది, పోలీసు ఉన్నాడు, మెజిస్ట్రేటు ఉన్నారు. మాట దాటించే మనిషికి మాత్రం వేరే పేరు లేదు, పదవి లేదు. ఆ పని బాధిత మహిళల కోసం ఉన్న సాంత్వన కేంద్రంలో కౌన్సెలరు మీదో, సఖి కేంద్రంలో ఉన్నవాళ్ల మీదో, జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ పంపే పారాలీగల్ వాలంటీరు మీదో, ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన వకీలు మీదో పడుతుంది. వీళ్లెవరూ దొరక్కపోతే ఆమె వెంట వచ్చినవాళ్ల మీద పడుతుంది. నాకు ఎక్కువ భయం అక్కడే.

మేనరికం ఇళ్లలో వెంట వచ్చే మనిషి ఎవరి తరఫో చెప్పడం కష్టం. ఆమె అత్త, ఆమె నాన్నకు తోడబుట్టింది. తోడు వచ్చిన పెదనాన్న రెండు ఇళ్లకూ చుట్టమే. ఆయన మాట దాటిస్తే చెల్లెలి పేరు కాగితం ఎక్కకుండా చూసుకుంటాడు. దుర్మార్గం కానక్కర్లేదు, కుటుంబం పరువు అనుకునే చేస్తాడు. 2016లో సుప్రీంకోర్టు హిరల్ హర్సోరా కేసులో ప్రతివాది వయసొచ్చిన మగవాడే అయ్యుండాలన్న షరతును కొట్టేసింది. అత్త మీద కూడా ఉత్తర్వు అడగొచ్చు. కానీ అత్త పేరు నోటి దగ్గరే ఆగిపోతే ఆ తీర్పు ఈమెకు అక్కరకు రాదు. ఇక పదేళ్ల కూతురి చేత అమ్మ మాటలు చెప్పించడం లాంటి పాపం ఏ ఆఫీసులోనూ జరగకూడదు. చుట్టాలను బయట కూర్చోబెట్టి ఆమెతో విడిగా మాట్లాడటమే ఈ పనిలో మొదటి నియమం.

అమెరికాలో దీన్ని జీతమిచ్చి చేయిస్తారు, బైలింగ్వల్ అడ్వొకేట్ అంటారు. దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1985లో న్యూజెర్సీలో మొదలైన మానవి లాంటి సంస్థలు ఆ దారి వేశాయి. అక్కడి కోర్టుల్లో మాట దాటించేవాళ్లు వేరు, ఆమె పక్కన నిలబడేవాళ్లు వేరు. మొదటివాళ్లు ఒక్క మాట కలపకూడదు, తీయకూడదు. రెండోవాళ్లు ఆమె హక్కులు ఆమెకు చెప్పాలి. బళ్లారిలో రెండూ ఒకే మనిషి చేయాల్సి వస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకా గట్టిగా పాటించాలి. అధికారి అన్నది అన్నట్టు చెప్పాక, “ఇప్పుడు చెప్పేది నా మాట” అని విడదీసి చెప్పాలి. ఉదాహరణకు, ఇల్లు మామ పేరున ఉంది కదా నీకేం హక్కు అని ఎవరైనా అంటే ఆ మాట అలాగే దాటించాలి. ఆ తర్వాత 2020లో సతీశ్ చందర్ ఆహూజా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తన మాటగా చెప్పాలి: కోడలు కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, అక్కడ ఉండే హక్కు ఆమె అడగొచ్చు.

సర్దుకుపొమ్మని చెప్పడం ఈ పనిలో భాగం కాదు. పుట్టింటి నుంచి, కుల పెద్దల నుంచి ఆ సలహా విని విని విసిగాకే ఆమె ఇక్కడికి వచ్చింది. ఆమె ఒక్కతే కాదు: 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో పెళ్లయిన ఆడవాళ్లలో 44.4 శాతం భర్త చేతిలో హింస అనుభవించినట్టు తేలింది, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో అది 30 శాతం. గీతకు ఇటు తక్కువని సంతోషించేంత చిన్న అంకె కాదది.

సరిహద్దు జిల్లా వాళ్లకు ఈ చట్టంలో గొప్ప మేలు చేసేది 27వ సెక్షన్. ఆమె శాశ్వతంగా ఉండేచోటే కాకుండా, తాత్కాలికంగా తలదాచుకున్నచోటా, పని చేసుకునేచోటా అర్జీ పెట్టొచ్చు. సిరుగుప్పలో దెబ్బలు తిని ఆలూరులో పుట్టింటికి చేరిన పిల్ల ఆలూరు వైపు కోర్టులోనే అడగొచ్చు. గుంతకల్లు అత్తింటి నుంచి వచ్చేసి బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టుకుని బతుకుతున్న ఆమెకు బళ్లారి కోర్టు చాలు. ఆధార్ మీద ఆంధ్రా చిరునామా ఉందని వెనక్కి పంపితే అది తప్పు. అత్తింటి క్రూరత్వం మీద అప్పట్లో 498ఏ కింద పెట్టే కేసుకూ ఇదే వెసులుబాటు ఉందని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బస్సు దగ్గర మాత్రం కార్డు మీది చిరునామా అడ్డొస్తుంది. కర్ణాటకలో 2023 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉన్నా ఎవరి రాష్ట్రం వాళ్లకే. కార్డు మార్పించుకోని కోడలు ప్రతి వాయిదాకూ టికెట్ కొనుక్కుంటుంది.

ఉత్తర్వు దేశమంతా చెల్లుతుందని అదే 27వ సెక్షన్ చెబుతోంది. నకలు ఉచితంగా ఇవ్వాలి, పోలీసు స్టేషనుకూ పంపాలి. అయితే కన్నడలో ఉన్న ఉత్తర్వు పట్టుకుని అర్ధరాత్రి ఆంధ్రా స్టేషనులో నిలబడితే డ్యూటీలో ఉన్న కానిస్టేబులు దాన్ని ఎలా చదవాలి? అందుకే ఉత్తర్వు చేతికొచ్చిన రోజే కార్యకర్త ఒక పేజీ తెలుగు సారాంశం రాసి దానికి జత చేసి ఇవ్వాలి: కేసు నంబరు, ఏ కోర్టు, ఎవరు ఏం చేయకూడదు, ఎప్పటి దాకా. మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చివర రాయాలి. అధికారిక అనువాదం కాకపోయినా ఆ రాత్రికి దారి చూపిస్తుంది.

చట్టం భాషను మరిచిపోలేదు. చదువురాని ఆమెకు రక్షణ అధికారే అర్జీ చదివి వివరించాలని 2006 నిబంధనల్లో ఉంది. హక్కుల పత్రం ఇంగ్లీషులోగానీ స్థానిక భాషలోగానీ ఇవ్వాలని ఉంది. సాక్షి కోర్టు భాష కాని భాషలో చెబితే, వీలైతే ఆ భాషలోనే రాసుకోవచ్చని, లేకుంటే నమ్మకమైన అనువాదం అక్కడికక్కడే తయారు చేయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పేది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త సంహితలోనూ అదే ఉంది. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం అంటోంది. రెండు భాషల నడుమ కోర్టు పని బళ్లారికి కొత్త అలవాటేమీ కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ ఇక్కడ ప్లీడర్లే. తెలుగు నాటకాన్ని నిలబెట్టినవాళ్లు ఇదే ఊళ్లో వకాల్తాలు వేశారు. రాఘవ కన్నడంలోనూ నటించారు. మనిషి మాటను మనిషి మాటగానే వినిపించే విద్య ఈ ఊరికి బాగా తెలుసు.

2025 మేలో సుప్రీంకోర్టు, రక్షణ అధికారులు లేని తాలూకాల్లో ఆరు వారాల్లో నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉచిత న్యాయ సహాయం గురించి ఆడవాళ్లకు తెలియజేయమని కూడా చెప్పింది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే చాలు. ఆ ఫోనులోనే తెలుగు మాట్లాడే మనిషి కావాలని మొహమాటపడకుండా అడగాలి. సరిహద్దు జిల్లాల ప్రాధికార సంస్థలు తమ ప్యానెల్ వకీళ్ల, వాలంటీర్ల జాబితాలో భాషల గడి ఒకటి చేర్చాలి. ఎవరు ఏ భాష చదవగలరో, ఏది రాయగలరో, ఏది మాట్లాడటం మాత్రమే వచ్చో విడివిడిగా రాయాలి. మాట దాటించిన రోజుకు వేరే భత్యం ఇవ్వాలి. కౌల్‌బజారులో ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లకూ, తండాల్లో లంబాడీ మాట్లాడేవాళ్లకూ కూడా ఆ జాబితాతోనే పని జరుగుతుంది.