గుర్రం పోతే పోనీ!

"నీకెందుకమ్మా రిస్కు, జాగ్రత్తగా ఉండు!" ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఉందంటారా? చదరంగం బల్ల దగ్గరా ఇదే వరస. ఆడవాళ్లు దూకుడుగా ఆడలేరని చాలాకాలం అనుకునేవారు. హంగరీ అమ్మాయి జుడిత్ పోల్గార్ ఆ మాటకి బల్ల మీదే జవాబు చెప్పింది.

1999లో స్పెయిన్‌లోని దోస్ ఎర్మానాస్ అనే ఊళ్లో పోటీ. ఆ పేరుకి అర్థం 'ఇద్దరు అక్కచెల్లెళ్లు'! ఇద్దరక్కల తర్వాత పుట్టిన జుడిత్‌కి అక్కడ ఎదురుగా కూర్చున్నది మన విశ్వనాథన్ ఆనంద్. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయినవాడు.

తెల్లపావులు జుడిత్‌వి. ఆనంద్ ఎంచుకున్నది సిసిలియన్ డిఫెన్స్‌లో నైడార్ఫ్ పద్ధతి. మొదట్నుంచే కత్తులు దూసుకునే ఆట అది. 8వ ఎత్తులో జుడిత్ గుర్రాన్ని ముందుకు దూకించింది. ఆనంద్ బంటుతో దాన్ని బెదిరించాడు. మనమైతే గుర్రాన్ని వెనక్కి లాక్కుంటాం. ఆమె దాన్ని అక్కడే వదిలేసి, తన బంటుని ఆనంద్ గుర్రం మీదికి తోసింది! 9వ ఎత్తులో ఒక గుర్రం పోయింది. 13వ ఎత్తులో రెండోదీ పోయింది. 16వ ఎత్తులో ఆనంద్ గుర్రాన్ని ఒకదాన్ని కొట్టినా, లెక్కకి ఆమెకి ఇంకా ఒక గుర్రం తక్కువే.

మరి దక్కిందేమిటి? దారి! ఆనంద్ రాజు ముందున్న బంట్ల గోడ చెదిరింది. జుడిత్ ఏనుగు, మంత్రి అటే గురిపెట్టాయి. ఆనంద్ శకటు, ఏనుగు చెరొకటి 20 ఎత్తులు దాటినా మొదటి గళ్లలోనే ఇరుక్కుపోయాయి. అటక మీది సామాను వంట వేళకి అక్కరకొస్తుందా చెప్పండి? ఆమె 34వ ఎత్తు వేయగానే ఆనంద్ ఓటమి ఒప్పుకున్నాడు.

తెగింపే, కానీ గుడ్డి తెగింపు కాదు సుమా! ఈ దాడికి హంగరీ ఆటగాడు పెరెన్యీ పేరే ఉంది. తండ్రి లాస్లో ముగ్గురు కూతుళ్లకీ ఇంట్లోనే చదువు చెప్పి, చిన్నప్పట్నుంచే చదరంగం నేర్పించాడు. జుడిత్ 1991లో 15 ఏళ్ల 4 నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల ప్రపంచ టైటిల్ కోసం ఎన్నడూ పోటీపడలేదు, ఎక్కువగా మగవాళ్లతోనే తలపడింది. ఆడవాళ్లలో ఆమె వయసు రికార్డుని 2002లో దాటిందెవరో తెలుసా? గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి!

ఈసారి మీ పాప ఆటలో గుర్రాన్ని వదిలేస్తే "అయ్యో" అనకండి. "ఎందుకు వదిలావే?" అని అడగండి. జవాబు చెప్పిందంటే, ఆ గుర్రం పోయినా ఫర్వాలేదు!